అల్ అహ్సా ఖలాస్ ఖర్జూరం: నల్లగొండలో కొని, తిని, తెలుసుకున్న సంగతులు

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక ఎండుపండ్ల దుకాణంలో కొంతకాలంగా ఖలాస్ రకం ఖర్జూరం దొరుకుతోంది. సౌదీ అరేబియా తూర్పు రాష్ట్రంలో, గల్ఫ్ తీరం నుంచి సుమారు 70 కిలోమీటర్ల లోపల ఉన్న అల్ అహ్సా ఒయాసిస్సు ఈ రకానికి పేరుపడ్డ నేల. రంజాన్ నెలలో మన జిల్లాలో ఖర్జూరం కొనని వీధి ఉండదు. ఉపవాసాలు లేని ఇళ్లలో కూడా పిల్లల కోసం, బాలింతల కోసం తెచ్చుకుంటారు. అయినా కొనేవాళ్లలో చాలామంది డబ్బా మీది బొమ్మను, ధరను చూసి తీసుకుంటారే తప్ప అది ఏ రకమో, ఏ నేలలో పండిందో, ఏ ఏటి పంటో అడగరు. బియ్యం కొనేటప్పుడు సాంబ మసూరా, మరొకటా అని, కొత్తవా పాతవా అని నిలదీసి అడిగే మనం ఖర్జూరం దగ్గర మాత్రం అమ్మేవాడి మాటకే వదిలేస్తున్నాం. ఈ అలవాటు మారాలన్న ఉద్దేశంతోనే, ఈ పండు గురించీ, దాన్ని పండించే గల్ఫ్ తీర ప్రాంతపు బతుకుదెరువు గురించీ కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా పండు సంగతి. ఖలాస్ మధ్యస్థ పరిమాణంలో, కోలగా ఉంటుంది. రంగు తేనెకూ ఇటుకకూ మధ్య ఉండే గోధుమ వర్ణం. తొక్క పల్చగా ఉండి, అక్కడక్కడ కండ నుంచి విడిపోయి బుడగలా లేచి కనబడుతుంది. ఇది ఈ రకం స్వభావమే కనుక దీన్ని చూసి పాతసరుకని అనుకోనక్కర్లేదు. గింజ చిన్నది, నార తక్కువ. నోట్లో వేసుకున్నప్పుడు మొదట తీపి గట్టిగా తగలదు. నమిలేకొద్దీ పాకం పట్టిన బెల్లం వాసనతో నెమ్మదిగా పరుచుకుంటుంది, మింగిన తరువాత గొంతులో ఆ ఘాటైన తీపి మిగలదు. ఖసీం ప్రాంతపు సుక్కరీ తిన్నవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. సుక్కరీలో చక్కెర ముందుకు దూకుతుంది, మూడో పండుకే మొహం మొత్తుతుంది. ఇరాన్ నుంచి వచ్చే కిమియా నల్లగా, మెత్తగా, తడిగా ఉండి ఫ్రిజ్ లేకపోతే త్వరగా పులుస్తుంది. మదీనా అజ్వా పొడిగా, కొంచెం ఎండుద్రాక్ష రుచితో ఉంటుంది. రోజూ రెండు మూడు పండ్లు తినాలనుకునేవాళ్లకు నా అంచనాలో ఖలాసే అన్నింటికంటే తగినది. అరబ్బులు ఏలకులు వేసి కాచిన చక్కెర లేని కాఫీతో దీన్ని తింటారు. మన ఇంట్లో చక్కెర వేయని అల్లం చాయ్‌తో తిన్నా అంత బాగానే ఉంటుంది.

దుకాణంలో ఈ పండు రెండు రూపాల్లో ఉంది. ఒకటి, పండ్లు విడివిడిగా పేర్చిన అరకిలో అట్టపెట్టె, ధర 280 రూపాయలు. రెండోది, గాలి తీసేసి అదిమి కట్టిన దిమ్మ. అల్ అహ్సాలో ఇళ్లకు కొనుక్కునేవాళ్లు ఎక్కువగా ఈ అదిమిన దిమ్మనే తీసుకుంటారని దుకాణదారు చెప్పారు. నేను రెండూ కొని చూశాను. పెట్టెలోని పండ్లు చూపుకు బాగుంటాయి, అతిథుల ముందు పెట్టడానికి పనికొస్తాయి. దిమ్మలోని పండ్లు ఒకదానికొకటి అతుక్కుని, ఆకారం కోల్పోయి ఉంటాయి కాని, గాలి తగలకపోవడం వల్ల మెత్తదనం, వాసన చాలాకాలం నిలబడతాయి, పురుగు పట్టే అవకాశమూ తక్కువ. కిలోకు వచ్చే ధర కూడా దిమ్మలోనే తక్కువ. ఇంటి వాడకానికి దిమ్మే మేలు.

దుకాణదారు గురించి చెప్పాలి. ఆయన అన్న హొఫూఫ్‌లో చాలాకాలం పనిచేసి వచ్చాడట. అల్ అహ్సాలో పెద్ద పట్టణం హొఫూఫే. నేను మొదటిసారి "ఇది మదీనాదా భాయ్?" అని అడిగినప్పుడు ఆయన తడుముకోకుండా, "కాదు సార్, ఇది హొఫూఫ్ మాల్. మదీనా అని చెప్తే పది రూపాయలు ఎక్కువనే వస్తయి గని, లేని మాట ఎట్ల చెప్త?" అన్నారు. ఒక్కో రకాన్నీ తీసి, దాని ఊరు చెప్పి, రుచి చూపించి, ఆ తరువాతే తూకం వేస్తారు. మన పట్టణాల్లో ఖర్జూరం అమ్మేవాళ్లలో ఈ తీరు అరుదు. ఇంకో పట్టణంలో, పేరు అనవసరం, ఒక పెద్ద దుకాణంలో నాకు 'అజ్వా' అని చెప్పి ఇచ్చిన పెట్టెలో ఉన్నవి చవకరకం నల్ల ఖర్జూరాలు. పైన నూనె రాసి మెరుగు తెచ్చారు, చేతికి జిడ్డు అంటింది. అడిగితే "అన్నీ ఒక్కటే సార్, అన్నీ సౌదీవే" అన్న జవాబు వచ్చింది. ఆ జవాబే ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం. అన్నీ ఒక్కటి కావు. ఒక్కో రకం వెనుక ఒక్కో నేల, ఒక్కో నీరు, ఒక్కో రైతుకుటుంబం ఉన్నాయి.

అయితే ఈ మంచి దుకాణంలో కూడా లోపం ఉంది. దిగుమతి చేసుకున్న ఆహారపదార్థం ఏదైనా సరే, పొట్లం మీద ఏ దేశంలో తయారైందో, దిగుమతిదారు పేరు చిరునామా ఏమిటో, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన లైసెన్సు సంఖ్య ఏమిటో ఉండాలి. గాలి తీసిన దిమ్మల మీద ఈ వివరాలన్నీ ఉన్నాయి. కాని దుకాణంలోనే పెద్ద పెట్టెల నుంచి తీసి సర్దిన అరకిలో పెట్టెల మీద రకం పేరు తప్ప మరేమీ లేదు. పంట ఏడాది లేదు, సర్దిన తేదీ లేదు. నోటి మాటతో ఊరి పేరు నిజాయితీగా చెప్పే మనిషి అదే మాటను కాగితం మీద కూడా పెడితే కొనేవారికి ఎంతో భరోసా ఉంటుంది. ఈ సంగతి ఆయనకు చెప్పాను, ఒప్పుకున్నారు. ఇంతవరకు మార్పు రాలేదు.

ఇక ఈ పండు పండే నేల గురించి. అల్ అహ్సాలో 25 లక్షలకు పైగా ఖర్జూర చెట్లు ఉన్నాయి. ప్రపంచంలోని ఒయాసిస్సులలో అతిపెద్దదిగా దీనికి పేరు. 2018లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. చుట్టూ ఇసుక, ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే వేడి, ఏడాదంతా కలిపినా మన ఒక్క ముసురుకు సరిపోనంత వాన. అలాంటి చోట ఇంత తోట ఎలా నిలిచిందంటే, భూమి లోపలి నుంచి వాటంతట అవే ఉబికివచ్చే ఊటల వల్ల. పూర్వం అక్కడ పదుల సంఖ్యలో పెద్ద ఊటలు ఉండేవి. ఆ నీరు కాలువల్లో పారి, తోట నుంచి తోటకు వంతులవారీగా వెళ్లేది. పెద్ద చెట్ల నీడలో నిమ్మ, దానిమ్మ, అత్తి, వాటి కింద కూరగాయలు, పశుగ్రాసం. హసావీ బియ్యం అనే ఎర్రబియ్యాన్ని కూడా అక్కడ పండిస్తారు. ఎడారి మధ్య మడికట్టి వరి నాటుతారంటే మన మిర్యాలగూడ రైతులు నమ్మకపోవచ్చు, కాని అది నిజం. నీళ్లు ఎక్కువ తాగే పంట కాబట్టి సాగు కొద్దిగానే ఉంటుంది, ధర మాత్రం మామూలు బియ్యానికి అందనంత ఎత్తులో ఉంటుంది.

చమురు రాకముందు ఈ తీరానికి ఖర్జూరం, ముత్యాలు, చేపలే ఆధారం. ఉఖైర్ అనే చిన్న రేవు అల్ అహ్సాకు సముద్రద్వారం. ఒంటెల మీద ఖర్జూరం అక్కడికి చేరి, పడవల్లో బహ్రెయిన్‌కు, ఆపైకి వెళ్లేది. గల్ఫ్‌లో మునిగి తీసిన ముత్యాలు బొంబాయి బజారుకు వచ్చేవి. హైదరాబాదులో నేటికీ పెద్దలు చెప్పుకునే 'బస్రా ముత్యాలు' ఆ సముద్రానివే. 1920లు, 30లలో జపాన్ పెంపకపు ముత్యాలు రావడంతో ఆ వ్యాపారం కూలిపోయింది. వేలమంది గజఈతగాళ్లు పని కోల్పోయిన సరిగ్గా ఆ కాలంలోనే, 1933లో ఒక అమెరికన్ కంపెనీ సౌదీ రాజుతో చమురు అన్వేషణ ఒప్పందం చేసుకుంది. మొదటి బావులు నిరాశపరిచాయి. 1938 మార్చిలో గల్ఫ్ తీరంలోని దమ్మామ్ దగ్గర తవ్విన ఏడో బావిలో లోతుగా వెళ్లాక వ్యాపారానికి సరిపడా చమురు పడింది. మరుసటి ఏడాది రాస్ తనూరా రేవు నుంచి మొదటి చమురు ఓడ కదిలింది.

పదేళ్లకు, 1948లో, ఘవార్ చమురు క్షేత్రం కనుగొన్నారు. పొడవు సుమారు 280 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా భూమి కింద చమురు పరుచుకుని ఉందనుకుంటే దాని పరిమాణం కొంత అర్థమవుతుంది. ఈ క్షేత్రం అల్ అహ్సా ఖర్జూర తోటలకు పడమర పక్కనే ఉంది. 2019లో సౌదీ ప్రభుత్వ చమురు సంస్థ అరామ్‌కో బయటపెట్టిన వివరాల ప్రకారం ఈ ఒక్క క్షేత్రపు గరిష్ఠ సామర్థ్యం రోజుకు 38 లక్షల బ్యారెళ్లు. చమురును పైకి నెట్టడానికి భూమిలోకి నీటిని ఎక్కించాలి. అందుకోసం గల్ఫ్ ఒడ్డున ఖురయ్యా దగ్గర సముద్రపు నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా ఘవార్‌కు పంపుతున్నారు. తోటల కింది మంచినీటిని దీనికి వాడకుండా సముద్రం వైపు తిరగడం ఆ ప్రాంతం చేసిన మంచిపనుల్లో ఒకటి.

కాని మంచినీటి కథ సుఖాంతం కాలేదు. చమురు డబ్బుతో ఊళ్లు పెరిగాయి, విద్యుత్తు వచ్చింది, మోటార్లు వచ్చాయి, ఎవరి తోటలో వారు బోరు వేసుకున్నారు. వేల ఏళ్ల కిందట కురిసిన వానలకు చేరి రాతిపొరల్లో దాగి ఉన్న నీరు అది. తోడినంత వేగంగా మళ్లీ చేరదు. ప్రభుత్వం 1971లో కాంక్రీటు కాలువలు, మురుగు కాలువలతో పెద్ద నీటిపారుదల పథకాన్ని పూర్తిచేసింది. దానివల్ల నీటి వృథా తగ్గింది, చవుడు తేలిన భూములు కొంత బాగుపడ్డాయి. అయినా 1990ల నాటికి చాలా ఊటలు తమంతట తాము ఉబకడం మానేశాయి. ఇప్పుడు మోటార్లతో తోడాల్సిందే. దీనితోపాటు పట్టణాల మురుగునీటిని మూడు దశల్లో శుద్ధి చేసి, దాన్ని తోటలకు మళ్లిస్తున్నారు. దమ్మామ్, ఖోబర్ ప్రాంతంలో మనుషులు తాగి వాడుకునే నీటిలో పెద్దభాగం సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి తయారుచేసింది. అలా తయారుచేయడానికి ఇంధనం కావాలి. అంటే ఇళ్లలో ఒకసారి వాడి వదిలిన నీరు శుద్ధి అయ్యి ఖర్జూర చెట్టు మొదట్లోకి చేరేసరికి, ఆ నీటి ప్రతి బొట్టు వెనుకా కొంత చమురో గ్యాసో ఖర్చయి ఉంటుంది. నేను తింటున్న ఖలాస్ పండు వ్యవసాయపు పంటే అయినా, దాన్ని బతికిస్తున్నది ఇంధన సంపద. ఈ రెంటినీ విడదీసి ఆ ప్రాంతపు ఆర్థిక వ్యవస్థను అర్థం చేసుకోలేం.

సౌదీ దేశం గోధుమతో నేర్చుకున్న పాఠం కూడా ఇక్కడే చెప్పాలి. తిండికి ఎవరిమీదా ఆధారపడకూడదని ప్రభుత్వం రైతులకు ప్రపంచ ధర కంటే ఎన్నో రెట్లు ఇచ్చి గోధుమ కొన్నది. 1990ల తొలి ఏళ్లలో ఉత్పత్తి ఏటా 40 లక్షల టన్నుల దాకా పోయింది, ఎడారి దేశం గోధుమను ఎగుమతి చేసింది. దానికి మూల్యం భూగర్భజలం. 2008లో ఆ విధానాన్ని దశలవారీగా ముగించాలని నిర్ణయించారు, 2016 నాటికి దేశీయ గోధుమ కొనుగోలు ఆపేశారు, తరువాత పరిమితంగానే మళ్లీ మొదలుపెట్టారు. గోధుమ తగ్గింది, ఖర్జూరం నిలిచింది. ఉప్పునీటినీ ఎండనూ తట్టుకునే చెట్టు కాబట్టి నిలిచింది. నల్లగొండలో బత్తాయి రైతులు ఈ సంగతి చదివితే తమ బాధ గుర్తుకురాక మానదు. కరువు ఏళ్లలో బోర్లు ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పోసి, అయినా నిలబడక, పెంచిన చేతులతోనే చెట్లను నరికించుకున్న కుటుంబాలు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. ఎంత లోతుకు వెళితే అంత ఫ్లోరైడ్ భయం మనకు అదనం. అక్కడి రైతుకు సముద్రాన్ని మంచినీరు చేసి ఇచ్చేంత డబ్బున్న ప్రభుత్వం ఉంది. మన రైతుకు కృష్ణా కాలువ వస్తేనే దిక్కు. అందుకే ఆ తోటలను చూసి ఇక్కడ అదే పద్ధతి అనుసరిద్దామనే మాటలు విన్నప్పుడు ఆ ఖర్చును ఎవరు భరిస్తారో ముందు అడగాలి.

ఖర్జూర చెట్టుకు మనిషి చేతిపని చాలా కావాలి. మగచెట్టు, ఆడచెట్టు వేరువేరు. గాలికి వదిలేస్తే కాపు సరిగా రాదు కనుక, వసంతకాలంలో ఒక మనిషి ప్రతి ఆడచెట్టూ ఎక్కి, మగపూల రెబ్బలను గెలల మధ్య పెట్టి రావాలి. తరువాత గెలలు పల్చన చేయాలి, బరువుకు విరగకుండా కట్టాలి, ఎండాకాలం చివర పండిన కొద్దీ కోయాలి. ఎక్కడానికి నడుము చుట్టూ వేసుకునే తాడు మన గీత కార్మికుల మోకును పోలి ఉంటుంది. మన ఈతచెట్టు ఖర్జూరానికి దగ్గరి చుట్టమే కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. ఆ చెట్లు ఎక్కేవాళ్లలో దక్షిణాసియా నుంచి వెళ్లిన కూలీలు ఎందరో ఉన్నారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదని సౌదీ నిబంధన ఉంది. ఖలాస్ కోత సరిగ్గా ఆ నెలల్లోనే వస్తుంది. తెలంగాణ నుంచి గల్ఫ్ వలస అనగానే కరీంనగర్, నిజామాబాద్ గుర్తుకొస్తాయి, పాలమూరు అంటే ముంబై, పుణె వలసే అనుకుంటాం. అయితే మన దక్షిణ జిల్లాల నుంచి కూడా దమ్మామ్, జుబైల్ వెళ్లి వచ్చినవాళ్లు ప్రతి పట్టణంలో తగులుతారు. ఈ దుకాణదారు కుటుంబం అందుకు ఒక ఉదాహరణ. పండు రుచి చూసేటప్పుడు దాన్ని కోసిన చేతులను కూడా తలచుకోవడం న్యాయం.

ఆ తీరంతో మన సంబంధం ఖర్జూరంతో ఆగిపోదు. నిజానికి ఖర్జూరం అందులో అతి చిన్న భాగం. 1970ల దాకా సౌదీలో చమురుతోపాటు వచ్చే గ్యాసును చాలావరకు గాలిలో మండించి పారేసేవారు. 1975లో ఆ గ్యాసునంతా పోగుచేసి గొట్టాల్లో పంపే పథకం మొదలైంది. అదే ఏడాది జుబైల్ అనే చేపలపల్లెను పారిశ్రామిక నగరంగా మార్చే సంస్థను నెలకొల్పారు. ఆ గ్యాసు నుంచి అమ్మోనియా, అమ్మోనియా నుంచి యూరియా, ప్లాస్టిక్ ముడిసరుకు, ఇంకా ఎన్నో వచ్చాయి. జుబైల్‌కు ఉత్తరాన రాస్ అల్ ఖైర్ అనే మరో రేవు ఉంది. అక్కడికి దేశపు ఉత్తర సరిహద్దు దగ్గరి గనుల నుంచి ఫాస్ఫేట్ ముడిరాయి వెయ్యి కిలోమీటర్లకు పైగా రైలులో వస్తుంది. చమురు, గ్యాసు శుద్ధిలో బయటపడే గంధకంతో గంధకామ్లం చేసి, దానితో ఆ రాయిని కరిగించి, అమ్మోనియా కలిపితే డీఏపీ ఎరువు తయారవుతుంది. 2025 జూలైలో భారతీయ ఎరువుల సంస్థలు సౌదీ గనుల సంస్థ మాదెన్‌తో ఏటా 31 లక్షల టన్నుల డీఏపీ చొప్పున ఐదేళ్లకు ఒప్పందాలు చేసుకున్నాయి. వానాకాలం మొదట్లో దేవరకొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో రైతు 1,350 రూపాయలు పెట్టి కొనే 50 కిలోల డీఏపీ బస్తాలో ఆ తీరపు గ్యాసు, గంధకం, రాయి ఉండే అవకాశం గట్టిగా ఉంది. ఎరువు దొరక్క సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడే రోజుల్లో, సముద్రం అవతల ఏ కర్మాగారం నడుస్తోంది, ఏ ఓడ ఆలస్యమైంది అన్నది మనకు సంబంధం లేని సంగతి కాదు.

వంటగ్యాసు సంగతీ అంతే. సౌదీ అరామ్‌కో నెలకోసారి ప్రకటించే ప్రొపేన్, బ్యూటేన్ ధరను ఆధారం చేసుకునే మన సిలిండర్ దిగుమతి ఖర్చు లెక్కిస్తారు. 2019 సెప్టెంబర్ 14న ఘవార్‌కు ఉత్తరాన ఉన్న అబ్‌ఖైఖ్ చమురు శుద్ధి కేంద్రం మీద దాడి జరిగినప్పుడు సౌదీ ఉత్పత్తిలో సగానికి పైగా కొన్నాళ్లు ఆగిపోయింది, ప్రపంచమంతటా చమురు ధర ఒక్కరోజులో ఎగసింది. అబ్‌ఖైఖ్ నుంచి హొఫూఫ్ తోటలు కారులో గంట ప్రయాణం దూరంలోనే ఉంటాయి. ఖర్జూరం, చమురు, ఎరువు, మంచినీరు అన్నీ ఒకే ఇరుకు ప్రాంతంలో ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి. వాటిలో ఒకటి కదిలితే ఆ కదలిక నల్లగొండ దాకా వస్తుంది.

ఇంత చెప్పాక మళ్లీ పండు దగ్గరకు రావాలి, ఎందుకంటే కొనేవారికి అవసరమైన మాటలు కొన్ని మిగిలాయి. దుకాణం గోడమీద 'రక్తం పట్టడానికి ఖర్జూరం' అని రాసిన కాగితం ఉంది. దాన్ని తీసేయాలి. వంద గ్రాముల ఖర్జూరంలో ఇనుము సుమారు ఒక మిల్లీగ్రామే ఉంటుంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు, గర్భిణులకు దానిమీదే భరోసా పెట్టి మందుబిళ్లలు మానేయడం ప్రమాదకరం. ఖర్జూరంలో నిజంగా దండిగా ఉండేది పొటాషియం, పీచు, వెంటనే శక్తినిచ్చే చక్కెర. చక్కెర పండు బరువులో ముప్పాతిక దాకా ఉంటుంది కాబట్టి మధుమేహం ఉన్నవాళ్లు వైద్యుడిని అడిగి, లెక్కపెట్టి తినాలి. 'తేనె, ఖర్జూరం షుగర్ పెంచవు' అనే మాట మన ఊళ్లలో ఎంతోమంది నమ్ముతున్నారు. అది తప్పు.

కొనేటప్పుడు పండును వేలితో నొక్కి చూడాలి. ఖలాస్ మెత్తగా లొంగి, కొంత తిరిగి లేవాలి. రాయిలా ఉంటే పాతది, నీరు కారితే పులిసేది. పైన తెల్లటి పొడి కనబడితే చింతించనక్కర్లేదు, నిల్వలో చక్కెర గడ్డకట్టి బయటికి తేలడం అది. సన్నని సాలెగూడులాంటి దారాలు గాని, గింజ దగ్గర నల్లటి పొడి గాని కనబడితే పురుగు పట్టినట్టే. ఒక పండును తప్పకుండా చీల్చి చూడాలి. ఈ దుకాణంలో అలా చీల్చి చూడటానికి అభ్యంతరం చెప్పరు, అది నాకు బాగా నచ్చింది. పుల్లటి వాసన వస్తే తీసుకోకూడదు.

ధర గురించి ఒక మాట. రంజాన్‌కు ముందు నెలలో ఇదే పండు ధర పెరుగుతుంది, రద్దీలో రుచి చూపించే తీరికా ఉండదు. అల్ అహ్సాలో కోత ముగిసి, సర్ది, ఓడ ఎక్కి, మన దగ్గరకు చేరేసరికి చలికాలం మొదలవుతుంది. అప్పుడు వెళ్లి 'కొత్త పంట వచ్చిందా' అని అడిగి కొంటే పండు తాజాగా ఉంటుంది, ధర కూడా దిగి ఉంటుంది. గాలి తీసిన దిమ్మ రెండు తీసుకుని, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి, ఒకటి గాజుసీసాలో మూత బిగించి వంటింట్లో వాడుకోవచ్చు. వేసవిలో మాత్రం రెండూ ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఎందుకంటే మన మే నెల వేడికి సీసాలోని పండు వారాల్లోనే రంగు మారి గట్టిపడుతుంది.

రుచికి, దుకాణదారు నిజాయితీకి నేను ఐదుకు ఐదు ఇస్తాను. అరకిలో పెట్టెల మీద తేదీ, దేశం, దిగుమతిదారు వివరాలు లేనంతవరకు మొత్తంగా ఐదుకు నాలుగే. వెళ్లేవాళ్లు ఆ పెట్టె చేతిలోకి తీసుకుని 'ఇది ఏ ఏటి పంట, ఎప్పుడు సర్దారు' అని అడగండి. పదిమంది అడిగితే ఆయన తేదీ ముద్ర కొనక తప్పదు.